చెత్తబుట్టలు ఆఖరున కొనండి

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇరవై మంది విద్యార్థులు కలిసి పర్యావరణ సంఘం పెట్టుకున్నారు. యాజమాన్యాన్ని ఒప్పించి కళాశాల అంతటా రంగురంగుల చెత్తబుట్టలు పెట్టించారు, పోస్టర్లు అంటించారు. మూడు నెలలు తిరిగేసరికి ఏ బుట్టలో చూసినా అన్నీ కలిసే ఉంటున్నాయి. ఇరవై మందిలో ఐదుగురు మిగిలారు. తోటి విద్యార్థుల్లో చైతన్యం తేవడం ఎలా అని అడుగుతున్నారు.

పద్నాలుగేళ్లు ఒక కళాశాలలో ఇలాంటి సంఘానికి బాధ్యత వహించిన అధ్యాపకుడిగా మొహమాటం లేకుండా చెబుతాను. మీ వాళ్లలో చైతన్యానికి కొదవేమీ లేదు. పనిని మీరు తలకిందులుగా మొదలుపెట్టారు, అంతే. చెత్త వేసే చేతి నుంచి తుక్కు కొనేవాడి దాకా సాగే ఈ గొలుసులో చెత్తబుట్ట ఆఖరున కొనాల్సిన వస్తువు. అందరూ మొదట కొనేది అదే, ఎందుకంటే ఫొటోలో కనిపించేది అదొక్కటే.

మేమూ ఇదే తప్పు చేశాం. నీలం, ఆకుపచ్చ బుట్టలు జతలు జతలుగా పెట్టాం. ప్రారంభోత్సవానికి రిబ్బను కూడా కట్టాం, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. రెండో వారంలో ఒక సాయంత్రం గ్రంథాలయం వెనక నుంచి వస్తుంటే, పారిశుధ్య కార్మికురాలు ఒకామె రెండు బుట్టలనూ ఒకే సంచిలో బోర్లిస్తూ కనిపించింది. నా పక్కనున్న విద్యార్థికి కోపం ఆగలేదు. "అమ్మా, మేము ఇంత కష్టపడి వేరు చేస్తుంటే మీరు కలిపేస్తారా?" అన్నాడు. ఆమె చేతిలో పని ఆపకుండానే, "బుట్టలు రెండు పెట్టారు బాబూ, బండి ఒకటే ఇచ్చారు" అంది.

వెళ్లి ఆ బండి చూశాం. లోపల అడ్డుపలక లేదు. బండిలోని చెత్తంతా గేటు దగ్గరి పెద్ద తొట్టిలో పడుతుంది, తొట్టిని లారీ ఎత్తుకుపోతుంది. మేము మార్చింది విద్యార్థి చేతి నుంచి బుట్ట దాకా ఉన్న రెండు అడుగుల దూరం మాత్రమే. ఆ తర్వాతి దారంతా పాతదే. విద్యార్థులు ఇలాంటివి ఇట్టే పసిగడతారు. వేరు చేసినా ఆఖరికి కలిసిపోతుందని ఒక్కడు చూస్తే చాలు, వసతిగృహం మొత్తానికి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎన్ని పోస్టర్లు అంటించినా ప్రయోజనం ఉండదు.

అందుకని ముందుగా తుక్కు కొనేవారి దగ్గరకు వెళ్లండి. మీ చుట్టుపక్కల కాగితం ఎవరు తీసుకుంటారు, సీసాలు ఎవరు తీసుకుంటారు, ఎవరూ తీసుకోని వస్తువులు ఏవి అన్నది తెలుసుకోండి. అడగాల్సినవి మూడే. ఏ రూపంలో కావాలి? ఒక్కసారికి కనీసం ఎంత ఉంటే బండి పంపుతారు? ఏది కనిపిస్తే మొత్తం సరుకును తిప్పి పంపుతారు? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబే మీ పోస్టర్ మీద ఉండాల్సిన రాత. మాకు వచ్చిన జవాబు 'తడి'. కాగితం తడిస్తే తీసుకోనన్నాడు. అప్పటిదాకా మా పోస్టర్ల మీద భూగోళం బొమ్మ, కింద రెండు చేతులు ఉండేవి. వాటిని పీకేసి 'సీసాలో మిగిలిన నీళ్లు పారబోసి వేయండి' అని పెద్ద అక్షరాలతో రాశాం. కాగితాల సంచిలో సగం నీళ్లున్న సీసా ఒక్కటి మూత ఊడి ఒరిగితే ఆ సంచి అంతా పోయినట్లే.

ఈ తడి, మురికి సంగతి చిన్నదని అనుకోకండి. దశాబ్దాల పాటు ధనిక దేశాల పాత కాగితం, ప్లాస్టిక్ చాలావరకు ఓడలెక్కి చైనాకు వెళ్లేవి. అందులో కలిసొచ్చే మురికిని భరించలేక చైనా 2018 జనవరి నుంచి అనేక రకాల తుక్కు దిగుమతిని నిషేధించింది. అనుమతించిన వాటిలోనూ చాలా రకాలకు కల్తీ 0.5 శాతం మించకూడదని అదే ఏడాది మార్చి నుంచి నిబంధన పెట్టింది. దానితో ఎన్నో నగరాల రీసైక్లింగ్ పథకాలు ఉన్నట్టుండి కొనేవాళ్లు లేక కుదేలయ్యాయి. బుట్టలు, లారీలు, ప్రజల అలవాట్లు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆఖరి మనిషి.

కొనేవాడు దొరికాక అతడి బండి వచ్చేదాకా సరుకు దాచే చోటు కావాలి. వాన పడని, ఎలుకలు చేరని ఒక గది. కళాశాలలో ఖాళీ గది సంపాదించడం కంటే కష్టమైన పని లేదని మీకు త్వరలోనే తెలుస్తుంది. మాకు మెట్ల కింద చోటు ఇచ్చారు, అగ్నిమాపక తనిఖీకి వచ్చినవాళ్లు అక్షింతలు వేసి ఖాళీ చేయించారు. వాళ్లు చేసింది సబబే. మెట్ల కింద కాగితం పేర్చడం నా తెలివితక్కువతనం. గది తర్వాత బండి, బండి తర్వాత సంచుల రంగు, ఆ తర్వాతే బుట్ట.

బుట్ట దగ్గరకు వచ్చాక ఒక్క విషయం గుర్తుంచుకోండి: మూత. సీసాలకు గుండ్రటి రంధ్రం, కాగితానికి సన్నని చీలిక. ఒక విశ్వవిద్యాలయంలో మూతలను ఇలా మార్చి చూసిన పరిశీలన 2009లో ప్రచురితమైంది. సీసాలు, డబ్బాలు సరైన బుట్టలో పడటం 34 శాతం పెరిగింది, వాటిలో పడే ఇతర చెత్త 95 శాతం తగ్గింది. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండానే. నడుస్తూ నడుస్తూ చెత్త వేసే మనిషి పోస్టర్ చదవడు, చేతికి అడ్డుపడినదాన్ని మాత్రం గమనిస్తాడు. ఇంకొకటి, బుట్టలు ఎప్పుడూ జతగానే ఉండాలి. రీసైక్లింగ్ బుట్ట ఒంటరిగా కనిపిస్తే అది మామూలు చెత్తబుట్టే అవుతుంది. మామూలు బుట్ట ఒంటరిగా ఉంటే సీసా అందులోకే పోతుంది. తరగతి గదుల్లోని చిన్న బుట్టలన్నీ తీసేసి వరండా చివర జత పెట్టడం మేము చేసిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువ తిట్లు, అన్నిటికంటే ఎక్కువ ఫలితం తెచ్చినది.

మూడు బాణాల త్రికోణం గుర్తు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మీ విద్యార్థులను తప్పుదోవ పట్టిస్తుంది. దాన్ని గీసింది విద్యార్థే. 1970లో అట్టపెట్టెలు తయారుచేసే ఒక అమెరికన్ సంస్థ పోటీ పెడితే, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న గ్యారీ ఆండర్సన్ అనే 23 ఏళ్ల కుర్రాడు గీసి పంపిన బొమ్మ అది. అది కాగితం, అట్టల కోసం పుట్టిన గుర్తు. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ అలాంటి బాణాల త్రికోణం మధ్యలో 1 నుంచి 7 వరకు అంకెలు వేసి వస్తువుల అడుగున ముద్రించడం మొదలుపెట్టింది. ఆ అంకె అది ఏ రకం ప్లాస్టికో చెబుతుంది, అంతవరకే. దాన్ని ఎవరైనా కరిగించి మళ్లీ వాడతారన్న హామీ అందులో లేదు. జనం పొరబడుతున్నారనే 2013లో ఆ గుర్తుల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బాణాలు తీసేసి మామూలు త్రికోణం ఉంచమంది. అయినా పాత గుర్తు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆచరణలో సాధారణంగా కొనేవాళ్లు దొరికేది 1కి, 2కి, కొన్నిచోట్ల 5కి. వేడి పానీయాల కాగితపు కప్పుదీ ఇదే కథ. లోపల సన్నని పాలిథిన్ పూత ఉంటుంది కాబట్టి చాలా కాగితపు మిల్లులకు అది పనికిరాదు. కప్పులను కాగితాల బుట్టలో వేయించి ఏడాది పాటు సంబరపడిన వాళ్లం మేము.

తూకం వేశారా? మీ ప్రశ్నలో ఆ మాట ఎక్కడా లేదు. వేయకపోతే వచ్చే వారమే వేయండి. సంఘంలో మిగిలిన ఐదుగురు చాలు. ఒక రోజు చెత్తను ఒక టార్పాలిన్ మీద పోసి, మందపాటి చేతితొడుగులు వేసుకుని, పటకార్లతో, పొడవాటి పట్టుకర్రలతో వేరు చేయండి. సూదులు, పగిలిన గాజు ఉంటాయి కాబట్టి సంచిలోకి నేరుగా చేయి పెట్టకండి. ప్రయోగశాలల చెత్త, ఆరోగ్య కేంద్రం చెత్త అసలు ముట్టుకోకండి, వాటి దారి వేరు. కాగితం, అట్ట, సీసాలు, లోహం, ఆహారం, ఆకులు, ఎటూ కానివి అని కుప్పలు చేసి ఒక్కొక్కటీ కాటా వేసి రాసుకోండి.

మేము మొదటిసారి కుప్పలు పోసినప్పుడు నేను అనుకున్నది వేరు, కనిపించింది వేరు. మా సంఘం మొత్తం ప్లాస్టిక్ సీసాల మీదే యుద్ధం ప్రకటించి ఉంది. సీసాల కుప్ప ఎత్తుగా ఉంది గాని కాటా మీద తేలిపోయింది. ముల్లు కిందికి లాగింది తడి చెత్త. ఆ తర్వాత కాగితం. కాగితాల్లో సగానికి సగం ఒకవైపు మాత్రమే అచ్చయిన పేజీలు. ఒక విద్యార్థిని వాటిని ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అవన్నీ ప్రాజెక్టు నివేదికల చిత్తుప్రతులు. తుది నివేదిక ఒకవైపే అచ్చు వేయాలని, మూడు ప్రతులు ఇవ్వాలని మా శాఖల్లో పాత నియమం. చిత్తుప్రతులను కూడా అదే లెక్కన అచ్చు వేస్తున్నారు. నియమం పెట్టిన కమిటీలో నేనూ ఉన్నాను.

ఆ నియమాన్ని మార్చడానికి ఒక సమావేశం, ఒక పేజీ ఉత్తరం పట్టాయి. రెండువైపులా అచ్చు, ఒకే ప్రతి, మిగతాది కంప్యూటర్‌లో సమర్పణ. ప్రయోగశాలల ప్రింటర్లను రెండువైపులా అచ్చు వేసేలా ముందే అమర్చి ఉంచాం, ఒకవైపు కావాల్సినవాడు మార్చుకుంటాడు. రెండేళ్లు కాగితం సేకరించి మేము సాధించినదానికంటే ఆ ఒక్క ఉత్తరం ఎక్కువ సాధించింది. కాగితం పీచును మళ్లీ మళ్లీ వాడితే పొట్టిదైపోతుంది, ఐదు నుంచి ఏడు సార్లకు మించి పనికిరాదు. వాడని కాగితానికి ఆ బెడద ఉండదు.

అందుకే రీసైక్లింగ్ బరువు లెక్కగట్టే పోటీల మీద నాకు కొంచెం అనుమానం. 2001లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రెండు విశ్వవిద్యాలయాలు, ఒహాయో విశ్వవిద్యాలయం, మయామీ విశ్వవిద్యాలయం, ఎవరు ఎక్కువ రీసైకిల్ చేస్తారో చూద్దామని పందెం వేసుకున్నాయి. అది రీసైకిల్‌మేనియా పేరుతో వందల కళాశాలలకు పాకింది. ఉత్సాహం పుట్టించడానికి పోటీ మంచిదే. కాని రీసైకిల్ చేసిన కిలోలే మార్కులైతే సీసా కొని బుట్టలో వేసినవాడు గెలుస్తాడు, సొంత సీసాలో నీళ్లు నింపుకున్నవాడికి సున్నా. పోటీ పెట్టాలనుకుంటే మొత్తం చెత్త తలకు ఎంత తగ్గిందో లెక్కగట్టండి. రీసైకిల్‌మేనియాలోనూ తర్వాత అలాంటి విభాగాలు వచ్చాయి. 2015 దాకా ప్రపంచంలో చెత్తగా మారిన ప్లాస్టిక్ దాదాపు 630 కోట్ల టన్నులని, అందులో రీసైకిల్ అయింది 9 శాతమేనని 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఆ సంఖ్య చూశాక నీళ్ల కుళాయి దగ్గర సీసా నింపుకునే ఏర్పాటు చేయించడాన్నే నేను ప్లాస్టిక్ కార్యక్రమం అంటాను. లోహం సంగతి వేరు. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడితే ఖనిజం నుంచి తీసేదానికంటే 95 శాతం దాకా శక్తి ఆదా అవుతుంది. డబ్బాలు కనిపిస్తే వదలకండి.

ఇక తడి చెత్త. బరువంతా అందులోనే ఉంది కాబట్టి కంపోస్టు మీద మనసు పడుతుంది. జాగ్రత్త. కళాశాలల్లో కంపోస్టు గుంతలు మూతపడేది వాసన వల్ల. ఒక్కసారి కంపు కొట్టి, పక్క భవనం నుంచి ఒక్క ఫిర్యాదు వెళ్లిందంటే మళ్లీ పదేళ్లు ఆ మాట ఎత్తనివ్వరు. వండిన ఆహారంతో మొదలుపెట్టకండి. వంటశాలలో వచ్చే పచ్చి తొక్కలు, ప్రాంగణంలో రాలే ఎండుటాకులు, ఈ రెండింటితో మొదలుపెట్టండి. పచ్చివి ఒక పాలు అయితే ఎండుటాకులు రెండు, మూడు పాళ్లు, పొరలు పొరలుగా. శాస్త్రం లెక్కలో కర్బనం, నత్రజని సుమారు 30కి 1 నిష్పత్తిలో ఉండాలి. ఆకులు మొదటిదాన్ని ఇస్తాయి, తొక్కలు రెండోదాన్ని. కుప్పలో నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు నిలిస్తే సరి. ధారగా కారితే ఆకులు కలపండి, పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లండి. ఒక ఇనుప చువ్వను కుప్ప నడుమ దాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీసి పట్టుకుంటే బాగా వేడిగా తగలాలి. చక్కగా నడిచే కుప్ప లోపల 55 డిగ్రీలు దాటుతుంది. చువ్వ చల్లగా ఉంటే కుప్పకు గాలి ఆడటం లేదు, తిరగేయాలి. ఆ తిరగేసే పని ఎవరిదన్నది ముందే తేల్చుకోండి. సెలవుల్లో కూడా కుప్ప తిరగాల్సిందే, విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోతారు.

అసలు మీ సంఘం ఇరవై నుంచి ఐదుకు పడిపోవడానికి కారణం కూడా ఈ క్యాలెండరే అయి ఉంటుంది. మూడు నెలలంటే పరీక్షలు వచ్చి ఉంటాయి. వాళ్లకు శ్రద్ధ లేదని నిష్ఠూరమాడకండి. మొదటి ధరిత్రీ దినోత్సవం 1970 ఏప్రిల్ 22న, బుధవారం నాడు జరిగింది. అమెరికా సెనేటర్ గేలార్డ్ నెల్సన్ ఆలోచనను 25 ఏళ్ల డెనిస్ హేస్ అమలుచేశాడు, సుమారు 2 కోట్ల మంది పాల్గొన్నారు. ఆ తేదీని ఎంచుకున్నది వసంతకాలపు సెలవులకూ, ఏడాది చివరి పరీక్షలకూ మధ్య పడుతుందని, విద్యార్థులు దొరుకుతారని. అంత పెద్ద ఉద్యమమే పరీక్షల పట్టిక చూసి ముహూర్తం పెట్టుకుంది. మీరూ పెట్టుకోండి. పరీక్షల నెలలో ఏ కొత్త పనీ తలపెట్టవద్దు. విద్యార్థి లేకపోయినా ఆగకుండా నడిచే పనులు ఏవో, విద్యార్థి ఉంటేనే నడిచేవి ఏవో వేరు చేసి, మొదటివాటిని జీతం తీసుకునే సిబ్బంది పనిలో రాతపూర్వకంగా చేర్పించండి.

ఇక్కడే నిజమైన పని ఉంది. క్యాంటీన్ కాంట్రాక్టు, పారిశుధ్య కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తున్నాయో కనుక్కోండి. కొత్త ఒప్పందంలో 'తడి, పొడి చెత్తను వేర్వేరుగా తరలించాలి', 'కూర్చుని తినేవారికి కడిగి వాడే పళ్లెం, గ్లాసు ఇవ్వాలి' అన్న రెండు వాక్యాలు ఎక్కితే మీరు పట్టభద్రులై వెళ్లిపోయాక కూడా అవి పనిచేస్తూ ఉంటాయి. దీనికోసం నేరుగా ప్రిన్సిపాల్ గదికి ఊరేగింపుగా వెళ్లవద్దు. ముందుగా నిర్వహణ విభాగం అధికారిని కలవండి. ఆయనను ఎవరూ ఎప్పుడూ కలవరు, కలిసినా ఫిర్యాదు చేయడానికే కలుస్తారు. మీ కాటా లెక్కలు తీసుకెళ్లి 'లారీ వారానికి ఒక్కసారి తక్కువ తిరిగితే సరిపోతుంది, చూడండి' అని చూపించండి. ఆయన సంతకం పెట్టిన కాగితంతో ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్లడం వేరు, నినాదాలతో వెళ్లడం వేరు. నినాదాలు వద్దని అనడం లేదు. వినతులన్నీ తిరస్కరించాక అవి తప్పవు. మొదటి రోజే వాడేస్తే తర్వాత చేతిలో ఏమీ మిగలదు.

పారిశుధ్య సిబ్బందితో కూడా కూర్చోండి, ఏ బుట్ట ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలిసినంత మీ వాస్తుశిల్పికి తెలియదు. ఒక మాట ముఖ్యం. తుక్కు అమ్మగా వచ్చే డబ్బు కొన్నిచోట్ల వాళ్లకు ఎప్పటినుంచో ఉన్న చిన్న ఆదాయం. మీరు రీసైక్లింగ్ పేరుతో సీసాలన్నీ సంఘం ఖాతాలోకి మళ్లిస్తే వాళ్ల నోటిదగ్గర కూడు లాగినట్లే. మేము అమ్మకపు డబ్బులో పైసా ముట్టుకోలేదు, సంచులు తెచ్చినవాళ్లకే వదిలేశాం. అప్పటినుంచి మేము ఎవరికీ ఏదీ చెప్పాల్సిన అవసరం రాలేదు, సంచులు వాటంతట అవే వేరై వచ్చాయి.

విద్యార్థుల చేతులు నిజంగా కావాల్సిన పని ఏడాదికి ఒక్కసారి వస్తుంది, వసతిగృహాలు ఖాళీ చేసే వారం. పరుపులు, బకెట్లు, దీపాలు, కుర్చీలు, పుస్తకాలు గుట్టలుగా పడతాయి. రెండు నెలల్లో కొత్తగా చేరేవాళ్లు అవే వస్తువులు కొంటారు. 2011లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఈ రెండు గుట్టలనూ కలిపారు. వెళ్లేవాళ్ల దగ్గర సేకరించి, వేసవంతా దాచి, కొత్త విద్యార్థులు వచ్చాక తక్కువ ధరకు అమ్మారు. ఖర్చులు అమ్మకాల నుంచే వెళ్లిపోయాయి. ఆ అనుభవంతోనే 2013లో ఇతర కళాశాలలకు ఈ పద్ధతి నేర్పే సంస్థ కూడా పుట్టింది. మేము చేసినప్పుడు నేర్చుకున్నది ఒకటే: వస్తువు తీసుకునేటప్పుడు 'వద్దు' అనే ధైర్యం ఉండాలి. విరిగిన కుర్చీ, మరకల పరుపు మొహమాటానికి తీసుకుంటే ఆఖరున లారీ పిలిపించేది మీరే. పాత ఫోన్లు, బ్యాటరీలు అసలు తీసుకోకండి, ఆ రోజే అధీకృత సేకరణదారుడు వచ్చి పట్టుకెళ్లే ఏర్పాటు ఉంటే తప్ప. ఉబ్బిన లిథియం బ్యాటరీ ఒక్కటి చాలు, గదిలోని కాగితం అంతా అంటుకోవడానికి.

సీసాలతో పూలకుండీలు, పెన్నుల స్టాండ్లు చేసే పోటీలు పెట్టాలా అని కూడా అడిగారు. సరదాకు పెట్టుకోండి. ప్రదర్శన అయ్యాక అవన్నీ ఎక్కడికి వెళ్లాయో ఒక్కసారి చూడండి, రంగులు, జిగురు పూసిన సీసాను తుక్కువాడు కూడా ముట్టుకోడు.

బాధ్యతల అప్పగింత గురించి ఒక్క మాట. ప్రతి పనికీ ఇద్దరు ఉండాలి, ఒకరు చివరి ఏడాది, ఒకరు మొదటి ఏడాది. ఒక పుస్తకం పెట్టి తుక్కువాడి ఫోన్ నంబరు, గది తాళం ఎవరి దగ్గర ఉంది, ఏ నెలలో ఏ కాంట్రాక్టు ముగుస్తుంది, ఏ పని ఎందుకు విఫలమైంది అన్నీ చేత్తో రాయించండి. మా పుస్తకంలో ఎక్కువగా చదివిన పేజీ 'కప్పులు: మళ్లీ ప్రయత్నించవద్దు' అన్నది.

ప్రస్తుతానికి ఆ బుట్టలు తీసేయకండి, కొత్తవి కొనకండి. తూకానికి మామూలు పనిరోజు ఒకటి ఎంచుకోండి, ఉత్సవాల వారం, పరీక్షల వారం వద్దు. ముందురోజే సిబ్బందికి చెప్పి, బండి కదలకముందే అక్కడ ఉండండి. క్యాంటీన్ సంచులను వేరే కాటా వేయండి, వాటి నీరు కారి మిగతా లెక్కంతా పాడుచేస్తుంది.